పొక్లెయిన్ యోసేపు తవ్వకాలు

ముదినేపల్లి మండలంలో వరిచేలు చేపల చెరువులుగా మారుతున్న రోజుల్లో, అంటే రెండువేల రెండు, మూడు ప్రాంతాల్లో, ఆ మార్పులో సగం యోసేపు చేతుల మీదుగానే జరిగింది. అతను పొక్లెయిన్ ఆపరేటరు. బండి తాడేపల్లిగూడెం జగ్గారావు గారిది. దాన్ని ఎనిమిదేళ్ళుగా నడుపుతున్నది మాత్రం యోసేపే. ఐదెకరాల చేనును వారం తిరిగేసరికి చెరువు చేసి, గట్టు మీద నిమ్మకాయ పెడితే దొర్లనంత చదును చేసి ఇస్తాడని పేరు. నలభై దాటిన మనిషి, పొట్టివాడు, చెవులు పెద్దవి. ఇంజను మోతలో బతికినవాడు కాబట్టి రహస్యం చెప్పినా వీధి చివరికి వినబడేది.

అతని భార్య యేసమ్మ అంగన్‌వాడీ టీచరు. రోజంతా పాతికమంది పసివాళ్ళను సముదాయించి ఇంటికొచ్చే మనిషికి మొగుడు పెద్ద బరువనిపించేవాడు కాదు, ఆ పుస్తకం ఇంట్లోకి వచ్చేదాకా.

ఆ ఏడు ఫిబ్రవరిలో బండికి హైడ్రాలిక్ పైపు పగిలింది. కొత్తది తేవడానికి యోసేపు ఏలూరు వెళ్ళాడు. షాపతను మధ్యాహ్నం రమ్మన్నాడు. తోచక పాత బస్టాండు వైపు నడుస్తుంటే పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వాటిలో ఒకదాని అట్ట సగం చిరిగిపోయింది. మిగిలిన సగం మీద పెద్ద అక్షరాలతో ‘తవ్వకాలు’ అని ఉంది.

యోసేపు అక్కడే నిలబడిపోయాడు. కుట్టుమిషన్ల మీద పుస్తకాలున్నాయి, రేడియోల మీద ఉన్నాయి, ఆఖరికి కోళ్ళ పెంపకం మీద కూడా ఉన్నాయి. తన పని మీద కూడా ఎవరో మహానుభావుడు రాశాడన్నమాట. బేరమాడకుండా కొనేశాడు.

బస్సులో తెరిచాడు. మొదటి పేజీలోనే ‘తవ్వేవాడికి తొందర పనికిరాదు’ అని ఉంది. ఈ రాసినాయన చెరువుల ఆసాములను ఎప్పుడూ చూసి ఉండడనుకున్నాడు. రెండో పేజీలో, రోజుకు రెండు మూడు అంగుళాలు దిగితే చాలని ఉంది. మూడో పేజీలో చిన్న తాపీ, దాని పక్కన బ్రష్షు బొమ్మ. ఎంత తిరగేసినా పొక్లెయిన్ ఊసు లేదు. కైకలూరు దాటాక అతనికి అర్థమైంది, ఇది భూమిలో పూడిపోయిన పాత ఊళ్ళను బయటికి తీసే విద్య అని. అప్పటికే పుస్తకం అతన్ని పట్టేసింది. మట్టి పొరలు పొరలుగా పేరుకుంటుందట. పైన ఉన్నది మొన్నటిది, కింద ఉన్నది అటుమొన్నటిది. చదవడం వచ్చినవాడికి మట్టి కూడా పుస్తకమేనట. ఎనిమిదేళ్ళుగా తను బకెట్‌తో ఎత్తి గట్టు మీద పోసిందంతా పుస్తకాలేనా అని యోసేపు కిటికీలోంచి చూస్తూ దిగులుపడ్డాడు.

ముదినేపల్లిలో దిగాక గుర్తొచ్చింది, హైడ్రాలిక్ పైపు తీసుకోలేదని. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. పైపుతో పాటు ఇంకో మూడు పుస్తకాలు తెచ్చాడు. ఒకటి రాజుల సమాధుల గురించి, ఒకటి సముద్రంలో మునిగిన పట్నాల గురించి, ఒకటి ఎవరికీ చదవడం రాని లిపుల గురించి.

“ఎవరికీ చదవడం రానప్పుడు పుస్తకం ఎలా రాశారండి?” అంది యేసమ్మ.

“చదవడం రాలేదని రాశారు.”

“మూడొందల పేజీలా?”

“రాకపోవడంలో చాలా రకాలున్నాయి యేసమ్మా.”

మార్చి వచ్చేసరికి యోసేపు నాలుగూ రెండేసి సార్లు చదివేశాడు. మనుషులు ఎలా బతికారో కోటల కంటే పెంటకుప్పలు బాగా చెబుతాయని మొదటి పుస్తకంలో ఉంది. చేతిలో కోట లేదు గానీ పెంటకుప్పలకు కరువు లేదు. తమ వీధిలో ప్రతి ఇంటి వెనకా ఒకటి ఉంది. తెల్లారి బండి ఎక్కబోయే ముందు పుల్లతో రోజుకొక కుప్పను కదిపి, నోట్‌బుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరికీ చెడు తలపెట్టలేదు, చేయి తిరగడానికి చేశాడంతే.

అవి ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు. నలభై రోజులు నీసు ముట్టకూడదని చర్చి సంఘంలో చాలామంది మొక్కుకున్నారు. ఒక ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద ఏసోబు గారు లేచి సాక్ష్యం చెప్పారు. ఈ మూడు వారాలూ తమ గడపలో చేపల వాసన తగల్లేదని, ఆకుకూరలతోనే దేవుడు తమకు బలం ఇచ్చాడని చెబుతుంటే, వెనక బెంచీలోంచి యోసేపు చెయ్యెత్తాడు.

“పెద్దాయన గారూ, చిన్న సవరణండి. మీ కుప్ప పైపొరలో కొర్రమీను పొలుసులున్నాయండి. బూడిద పొర మీదున్నాయి. మీరు చెత్త తగలేసింది బుధవారం కాబట్టి, ఇవి బుధవారం తర్వాతవండి.”

మామూలు గొంతుతోనే అన్నాడు. అతని మామూలు గొంతు బయట చెప్పుల దగ్గర కూర్చున్నవాళ్ళకు కూడా వినబడింది. పాస్టరు గారు గబగబా కీర్తన నంబరు చెప్పారు. యేసమ్మ మొగుడి చొక్కా పట్టి లాగింది.

“ఎవరడిగారండి మిమ్మల్ని?” అంది దారిలో.

“ఆయన్ని నేను తప్పుపట్టలేదే. పొర సంగతి చెప్పాను.”

“పిల్లి తెచ్చి పడేసిందట. సారమ్మ గారు చెప్పారు.” సారమ్మ ఏసోబు గారి భార్య.

యోసేపు నాలుగడుగులు ఆలోచించాడు. “పిల్లి పొలుసులు గీరి తినదు యేసమ్మా” అన్నాడు. ఆ మాట వెనకే వస్తున్న సారమ్మకు వినబడింది. ఈస్టరు దాకా ఆవిడ యేసమ్మతో మాట్లాడలేదు.

ఏప్రిల్ ఆఖరులో బాపిరాజు గారి పని మొదలైంది. కొల్లేరు వైపు ఆయనకు ఆరెకరాల చేను ఉంది. జూన్ మొదటివారానికి చేపపిల్లలు దిగాలి, ఈలోపు చెరువు తయారవాలి. బాపిరాజు గారు గొప్ప మర్యాదస్తుడు. తిట్టడం ఆయనకు చేతకాదు. కోపం వచ్చినకొద్దీ మర్యాద పెరుగుతుంది. మామూలప్పుడు ‘యోసేపూ’ అంటారు. కాస్త చిరాకు పుడితే ‘యోసేపు గారూ’ అంటారు. ‘తమరు’ అన్నారంటే పక్కనున్నవాళ్ళు నెమ్మదిగా జరిగిపోతారు.

రెండురోజులు పని జోరుగా సాగింది. మూడోరోజు పొద్దున్న బకెట్‌లోంచి రాలుతున్న మట్టిలో ఎర్రటి కుండపెంకులు కనబడ్డాయి. యోసేపు ఇంజను ఆపేశాడు. ఆ చేలో ఇంజను ఆగడం అలవాటు లేక కొంగలు బెదిరి లేచిపోయాయి. అతను దిగి, పెంకులు ఏరి, కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టాడు. తర్వాత ఊళ్ళోకి వెళ్ళి కొబ్బరితాడు, నలభై మేకులు పట్టుకొచ్చాడు.

సాయంత్రం బాపిరాజు గారు మోటారుసైకిలు మీద వచ్చేసరికి చేను ఒక మూలంతా తాళ్ళతో గళ్ళు గళ్ళుగా ఉంది.

“ఏవండీ యోసేపు గారూ, చెరువు తవ్వమంటే ముగ్గు పెట్టారేంటండి?”

“గళ్ళండి రాజు గారూ. ఒక్కో గడికి ఒక్కో నంబరు. ఏది ఎక్కడ దొరికిందో రాసుకోవాలి కదండి.”

“ఇక్కడేం దొరుకుద్దండి? నేను పుట్టకముందు నుంచీ ఇది మా చేనండి. మా తాతగారు సాయంత్రం పూట ఇక్కడే కూర్చుని చుట్ట కాల్చుకునేవారండి.”

యోసేపు నోట్‌బుక్కు తెరిచి పెన్సిలు పట్టుకున్నాడు. “ఏ గడిలోనండి?”

బాపిరాజు గారు చాలాసేపు ఆకాశంలోకి చూశారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ మూల పావెకరం వదిలేసి మిగతా చేనంతా మామూలుగా తవ్వాలి. ఆ మూలలో యోసేపు పొద్దున్న గంట, సాయంత్రం గంట తన ముచ్చట తీర్చుకోవచ్చు.

“అలాగేనండి” అన్నాడు యోసేపు. మిగతా చేను నిజంగానే ఎప్పటికంటే జోరుగా తవ్వాడు, సాయంత్రం గంటను రెండు గంటలు చేసుకోవచ్చని.

ఆ మూలకు బకెట్ తాకనివ్వలేదు. యేసమ్మ అట్లకాడతో గీకాడు, తన గడ్డం బ్రష్షుతో దులిపాడు. దారానికి రాయి కట్టి వేలాడదీసి, గుంట గోడను దారానికి సరిగ్గా నిలువుగా కోశాడు. నల్లమట్టి, దాని కింద బూడిదరంగు ఒండ్రు, దాని కింద తెల్లటి నత్తగుల్లల పొర కేకు కోసినట్టు కనబడేవి.

“గడ్డం గీసుకోరా?” అని అడిగింది యేసమ్మ.

“బ్రష్షు పనిలో ఉంది.”

“నా అట్లకాడో?”

“అదీ పనిలోనే ఉంది.”

ఆ వారం వాళ్ళింట్లో అట్లు లేవు.

నాలుగున్నర అడుగుల లోతులో, తొమ్మిదో గడిలో ఇనుము తగిలింది. జానెడు పొడుగు, ఒక కొస మొనదేలి ఉంది, ఇంకో కొస గుల్లగా ఉంది. ఒళ్ళంతా తుప్పు, ఆ తుప్పుకు నత్తగుల్లలు అతుక్కుని ఉన్నాయి. యోసేపు దాన్ని రెండురోజులు బ్రష్షుతో దులిపాడు. రెండోరోజు సాయంత్రం ఒక పక్క ఏవో గుర్తులు తేలాయి. మొదట పాము. తర్వాత బాతు. ఆ తర్వాత రెండు గుడ్లు.

చీరకొంగులో పాపాయిని ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఇంటికి తెచ్చి యేసమ్మ ముందు పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

“మీ బండి సామానులా ఉందండి.”

యోసేపు మనసు నొచ్చుకుంది. “ఇది ఇనుపయుగం నాటి నాగలికర్రు. అరవై మూడో పేజీ చూడు.”

ఆమె చూసింది. ఆ పేజీలో బొమ్మ అచ్చు సరిగ్గా పడక నల్లటి మరకలా ఉంది. కర్రు అన్నా నమ్మవచ్చు, కాకి అన్నా నమ్మవచ్చు.

ఎనిమిదేళ్ళుగా పొక్లెయిన్ నడిపేవాడికి ఆ వస్తువేమిటో ఎందుకు తట్టలేదని తర్వాత చాలామంది అడిగారు. రాత్రింబగళ్ళు అరవై మూడో పేజీ చూసిన కళ్ళకు ఇంకేం కనబడుతుంది?

అతను చెబుతుండగా యేసమ్మే తన గుండ్రటి చేతిరాతతో పురావస్తు శాఖ వారికి ఉత్తరం రాసింది. “మహారాజశ్రీ అధికారి గారికి. మా ఊళ్ళో నాగవంశపు రాజు ఒకరు (పాము) కొల్లేటి పక్షులను కాపాడుతూ (బాతు) ఇద్దరు కొడుకులను కన్నట్టు (గుడ్లు) శాసనం దొరికినది. లోతు నాలుగున్నర అడుగులు. ఉత్తరం దిక్కు బాణంగుర్తుతో చూపడమైనది. చెరువులోకి నీళ్ళు పెట్టేలోగా రావలెను.” గుడ్లు కొడుకులే ఎందుకవ్వాలి, కూతుళ్ళు కాకూడదా అని ఆమె అడిగింది. యోసేపు ఆలోచించి ‘సంతానం’ అని దిద్దించాడు.

పది రోజులకు జవాబు వచ్చింది. శనివారం ఉదయం వస్తున్నట్టు హనుమంతరావు అనే అధికారి రాశారు. లోతు, దిక్కు రాసి పంపిన ఉత్తరం తన ఉద్యోగంలో ఇదే మొదటిదట.

శనివారానికి ఊరంతా గట్టు మీద చేరింది. ఏసోబు గారు కూడా కాస్త దూరంగా నిలబడ్డారు. బాపిరాజు గారు కుర్చీ వేయించి కొబ్బరిబొండాలు దింపించారు. మిగతా చెరువు పూర్తయి పది రోజులైంది. ఆ మూల మాత్రం అలాగే ఉంది. ఆయన యోసేపును అప్పటికి వారం నుంచీ ‘తమరు’ అనే అంటున్నారు.

హనుమంతరావు గారు బక్కపలచటి మనిషి. తల మీద తడితువ్వాలు వేసుకుని, గొడుగు పట్టుకుని బస్సు దిగి నడిచొచ్చారు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. సంచీలోంచి భూతద్దం తీసి కర్రును తిప్పి తిప్పి చూశారు.

“పామండి” అన్నాడు ఉండబట్టలేక. “ఆ పక్కది బాతండి.”

“ఊఁ” అన్నారాయన. ఆ ఊఁలో ఏముందో ఎవరికీ తెలియలేదు.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. జగ్గారావు గారు దిగారు. చెరువు అయిపోయినా తన బండి ఇంకా తిరిగి రాలేదేమని తాడేపల్లిగూడెం నుంచి బయల్దేరి వచ్చారాయన. జనాన్ని తోసుకుంటూ వచ్చి, హనుమంతరావు గారి చేతిలోది చూసి, అలవాటుగా తీసేసుకుని గోటితో గీకారు.

“ఎస్, టూ, జీరో, జీరో. ఇది మన బకెట్ పన్ను కదయ్యా యోసేపూ. మూడేళ్ళ క్రితం ఇక్కడే నీళ్ళ బోదె తవ్వినప్పుడు ఒకటి ఊడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదన్నావు.”

పొక్లెయిన్ అక్కడే పది గజాల దూరంలో బకెట్ నేలకానించి ఉంది. గట్టు మీదున్న వందమందీ తలలు తిప్పి దాని పళ్ళను చూశారు. ఐదు పళ్ళున్నాయి. ఐదూ ఆ కర్రుకు అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ముందుగా నవ్వింది ఏసోబు గారు. “ఏ పొరదంటావు యోసేపూ?” అన్నారు. రెండు నెలల నుంచి దాచుకున్న నవ్వు కాబట్టి చాలాసేపు వచ్చింది. అందరూ అందుకున్నారు. యేసమ్మ నవ్వలేదు. మొగుడి పక్కకు వచ్చి నిలబడింది.

హనుమంతరావు గారు కూడా నవ్వలేదు. గొడుగు మూసి గుంటలోకి దిగారు. నిలువుగా కోసిన మట్టిగోడ ముందు నిలబడి, పైనుంచి కిందికి చూసి, “ఇది ఎవరు కోశారండి?” అని అడిగారు.

“నేనేనండి” అన్నాడు యోసేపు నేల చూపులు చూస్తూ.

“ఇలా రండి. ఈ నల్లమట్టి ఇక్కడ తొట్టిలా కిందికి దిగింది, కనబడుతోందాండి? రెండు పక్కలా నత్తగుల్లల పొర ఉంది, మధ్యలో తెగిపోయింది. అంటే ఎవరో కాలువ తవ్వి, మళ్ళీ పూడ్చారు. మీ పన్ను సరిగ్గా ఆ పూడ్చిన మట్టిలోనే దొరికింది.”

యోసేపు దగ్గరికి వెళ్ళి చూశాడు. రెండు వారాలుగా రోజూ చూస్తున్న గోడే అది. ఇప్పుడు పాత బోదె స్పష్టంగా కనబడింది. తను తవ్విన బోదె, రెండేళ్ళ క్రితం బాపిరాజు గారు పూడ్పించిన బోదె. ఎక్కడ మొదలైందో, ఎంత వెడల్పో, ఎంత లోతో అంతా అక్కడే రాసి ఉంది. అతని మొహం మెల్లగా వెలిగింది.

“అయితే పుస్తకంలో ఉన్నది నిజమేనండి” అన్నాడు. “మట్టి చెప్పిందండి. నేనే వినలేదు.”

“గోడ మాత్రం చక్కగా కోశారండి. మా కుర్రాళ్ళకు ఆర్నెల్లు నేర్పినా రాదు” అన్నారు హనుమంతరావు గారు. “కుండపెంకులు కూడా ఈ మధ్యవే. మజ్జిగ కుండలనుకుంటాను.”

“మా తాతగారివై ఉంటాయండి” అన్నారు బాపిరాజు గారు. ఆయన గొంతులో కొంచెం గర్వం వినబడింది.

అంతమంది నవ్వినందుకు యోసేపు సిగ్గుపడతాడని యేసమ్మ భయపడింది గానీ, అతను ఇంటికి వెళ్ళేదాకా ఆ పూడ్చిన బోదె గురించే చెప్పాడు. అన్నం తింటూ కూడా అదే చెప్పాడు. ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. సోమవారం ఆ పావెకరాన్ని ఒక్క పూటలో తవ్వేశాడు. చేపపిల్లలు వేళకే దిగాయి. బాపిరాజు గారు మళ్ళీ ‘యోసేపూ’ అన్నారు.

క్రిస్మస్ పండగ వెళ్ళాక హనుమంతరావు గారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. కామవరపుకోట దగ్గర ఒక దిబ్బ మీద చిన్న తవ్వకం పెట్టుకున్నామని, ఇష్టమైతే పదిరోజులు వచ్చి పనిచేయవచ్చని రాశారు. యోసేపు ఆ కార్డును పాస్టరు గారికి, పోస్టుమాను గారికి (తెచ్చింది ఆయనే అయినా), చివరికి ఏసోబు గారికి కూడా చూపించాడు. జగ్గారావు గారి దగ్గర సెలవు అడిగి, కొత్త బ్రష్షు కొనుక్కుని వెళ్ళాడు.

అక్కడ అతనికి ఆరడుగుల చదరం ఒకటి ఇచ్చారు. మొదటిరోజు అంతా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. తాడు, గళ్ళు, నోట్‌బుక్కు, చిన్న తాపీ. అంగుళం మట్టి గీకాడు. రెండోరోజు ఇంకో అంగుళం గీకాడు. మూడోరోజు మధ్యాహ్నం అతని చేతులు వాటంతటవే లివర్ల కోసం వెతకడం మొదలుపెట్టాయి. నాలుగోరోజు పక్క చదరంలో ఒకామె గోరంత పెంకు తీస్తే, హనుమంతరావు గారు దాని ముందు గంటసేపు మోకాళ్ళ మీద కూర్చున్నారు. యోసేపు ఆ దిబ్బనంతా ఒకసారి కళ్ళతో కొలిచాడు.

“అయ్యగారూ, ఒక మాటండి” అన్నాడు. “మా బండి తోలుకొచ్చానంటే రేపు భోజనాల వేళకు మొత్తం తేలిపోద్దండి.”

“మీరు నాకు చెప్పిన ఆ మొదటి పేజీలో ఏముందో మర్చిపోయారాండి?” అన్నారు హనుమంతరావు గారు.

“గుర్తుందండి. చదువుతున్నప్పుడు చాలా బాగుందండి.”

ఐదోరోజు సాయంత్రానికి ఇంటి దగ్గర దిగాడు. యేసమ్మ మంచినీళ్ళిచ్చి, ఇంత తొందరగా వచ్చేశారేమంది.

“అక్కడ మనిషి బతకలేడు యేసమ్మా. నాలుగు రోజులకు నాలుగు అంగుళాలు.”

“రాజు గారి చెరువులో మీరు చేసిందీ అదేగా?”

యోసేపు గ్లాసు కింద పెట్టి ఆలోచించాడు. “రాజు గారి దగ్గర తొందరపెట్టేవాళ్ళు ఉన్నారు. ఆ దిబ్బ మీద ఎవరూ తొందరపెట్టరు” అన్నాడు.

ఆ తర్వాత అతను తవ్వకాలకు వెళ్ళలేదు. పుస్తకాలు మాత్రం కొంటూనే ఉన్నాడు. డీజిలు వచ్చేదాకా క్యాబిన్‌లో కూర్చుని చదివేవాడు. చెరువు ఎవరిదైనా రోజుకొకసారి ఇంజను ఆపి, దిగి, గోడ చూసి ఎక్కేవాడు. ఆసాములు అలవాటుపడ్డారు.

రెండువేల ఐదులో చర్చికి ప్రహరీగోడ కట్టాలనుకున్నారు. పునాది తవ్వే పని యోసేపు ఉచితంగా ఒప్పుకుని, రెండు గంటల్లో తెమిల్చేశాడు. తూర్పువైపు పునాదిలో ఎర్రటి ఇటుకముక్కలు వరసగా తేలాయి. పాస్టరు గారు పంచె ఎగ్గట్టుకుని వంగి చూశారు. ఏసోబు గారు, సారమ్మ కూడా వచ్చి వంగారు.

“ఎప్పటివంటారు యోసేపు గారూ?” అని పాస్టరు గారు గొంతు తగ్గించి అడిగారు.

యోసేపు దిగి, ఒక ముక్క తీసి, మట్టి దులిపి, గోడ పొరలు పైనుంచి కిందిదాకా చూశాడు.

“పోయినేడాదివండి” అన్నాడు. “మీ బాత్‌రూము కట్టినప్పుడు విరగ్గొట్టినవి మేస్త్రి ఇక్కడ పాతేసి, ఇటుకలన్నీ గోడకే అయిపోయాయని చెప్పుంటాడండి.”